వెలసిన జీన్సునకు రంగు

వస్త్రము చినుగుటకు ముందే రంగు వెలయుట లోకసహజము. చినిగిన బట్టను కుట్టుకొనుటకు ప్రతి యింటను సూదిదారము లున్నవి. వెలసిన బట్టకు మాత్రము పారవేయుటయే మందని పలువురు తలంచుచున్నారు. మన విద్యార్థులు ముచ్చటపడి ధరించు జీన్సు పంట్లాముల విషయమున ఈ తలంపు మఱియు హెచ్చు. మోకాళ్లు తెల్లబాఱెను, క్రొత్తది కొనుమని పిల్లవాడు పోరును. కొనజాలని తండ్రి తలవంచుకొనును. ఈ సిగ్గుచేతనే వేడుకలకు రాక యింట నుండిపోవు బాలురు కలరని ఉపాధ్యాయు లందఱు నెఱుగుదురు. ఒక రంగుపొట్లము, కొంత యుప్పు, వేడినీరు, ఒక మధ్యాహ్నపు తీరిక యున్నచో ఈ చిక్కు చాలవఱకు తీఱునని నా యభిప్రాయము.

జీన్సు వెలయుట దాని దోషము గాదు, స్వభావము. ఆ గుడ్డలో పడుగు నీలిదారము, పేక తెల్లదారము. నీలి నీటిలో కరుగదు. క్షారజలములో దానిని క్షయకరణము గావించి కరగించి, నూలును ముంచి పైకెత్తుదురు. అప్పుడు పసుపుపచ్చగా నున్న నూలు గాలి సోకగానే నీలమగును. కాని యా రంగు పైపొరనే యంటియుండును, నడిమి నూలు తెల్లగనే మిగులును. కావున ఒరసిన చోటనెల్ల ఆ తెలుపు బయటపడును. క్షయకరణము, ఆక్సీకరణము అని వల్లెవేయు బాలురు ఆ పాఠమును తొడుగుకొనియే తిరుగుచున్నారు గదా! ఒకప్పుడు కడప, నెల్లూరు సీమల నీలిమందు ఓడలపై దూరదేశముల కేగెడిది. 1897లో జర్మనీవారు కృత్రిమ నీలి నమ్మ నారంభించిన పిదప ఆ సేద్యము క్షీణించెను.

ఇచ్చట నొక వింత గలదు. వాడుకచే వెలసినదానికి సిగ్గుపడువారే, కర్మాగారమున వెలయించినదానికి హెచ్చు వెల యిచ్చి కొనుచున్నారు. ఆ వెలపు ఎట్లు వచ్చునో తెలిసికొనదగును. టర్కీ దేశమున గుడ్డపై ఇసుకను వేగముగా చిమ్మి వెలయించెడివారు. ఆ ధూళి పీల్చిన పడుచు పనివాండ్రు పలువురు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధికి లోనైరి, కొందఱు మరణించిరి. 2009లో ఆ ప్రభుత్వము ఆ పద్ధతిని నిషేధించెను. ఇది యెఱిగిన పిమ్మట మన మోకాటి తెలుపు అంత సిగ్గుపడదగినదిగా నాకు తోపదు. రంగు వేసిన బట్ట పాతదని తెలిసిపోవు నందురు. తెలిసిన నేమి?

ఇక పని. తెల్లబట్టలకు పెట్టు నీలిమందు దీనికి పనికిరాదు. అది తెలుపునకు మెఱుగిచ్చునే గాని గుడ్డను పట్టి నిలువదు. నూలుబట్టల కని యమ్ము రంగునే కొనవలయును. పంట్లాము లోపలి చీటి చూడుడు. సాగెడు జీన్సులో పాలియెస్టరు మున్నగునవి హెచ్చినకొలది రంగు పలుచబడును. కుట్టుదారము పాలియెస్టరైనచో మునుపటి రంగుననే యుండును. అదియు నొక యందమే. బ్లీచింగుపొడి పడి తెల్లబాఱిన మచ్చలు చుట్టునున్న గుడ్డతో సమానముగా కలియవు గనుక, వానికి ముదురునీలము కంటె నలుపు మేలు.

బట్టను చక్కగా నుతికి, తడితోనే రంగునీటిలో వేయవలయును. పొడిబట్ట యైనచో రంగు మచ్చలుగా పట్టును. రంగును ఉప్పును పొట్లముపై వ్రాసిన తూకము ప్రకారము కలుపవలయును. ఉప్పు రంగును నూలువైపు నెట్టును. బట్ట ఈదులాడునంత నీరుండవలయును. ఇఱుకు గిన్నెలో కుక్కి, మడతలు పడెనని రంగును నిందించువారిని చూచితిని! కాగెడు నీట నుంచవలసిన రంగైనచో సుమారు గంటసేపు కఱ్ఱతో త్రిప్పుచుండవలయును. ఆ పని పెద్దలు చేయుట మంచిది. వంటగిన్నెను వాడరాదు, చేతితొడుగులు మఱువరాదు, మిగిలిన నీటిని నూతి దరిని పోయరాదు. పిదప నీరు తేఱువఱకు జాడించి, త్రిప్పివేసి నీడన ఆరవేయుడు. తొలి రెండు మూడు ఉతుకులు వేఱుగా చేయుడు. లేనిచో తమ్ముని తెల్లచొక్కా సంగతి అమ్మగారికి విన్నవించుకొనవలసి వచ్చును.