టీంలో ఒక పెద్దాయన ఉండాలి



అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లు కొన్నిటిలో హెడ్ కోచ్, అసిస్టెంట్లు కాక సలహా చెప్పే పెద్దవాళ్లు కూడా ఉంటారు. "రిటైరైనాయనకి జీతం దండగ, కుర్రాడిని పెట్టుకోవచ్చు కదా" అనిపించొచ్చు. నేను ఒప్పుకోను. ఎందుకో జాన్ మెక్‌లెండన్ సంగతి చూస్తే తెలుస్తుంది.

మెక్‌లెండన్ నల్లజాతి విద్యార్థి. 1933లో కాన్సస్ యూనివర్సిటీలో చేరాడు. అప్పట్లో అక్కడి టీంలోకి నల్లవాళ్లని తీసుకునేవాళ్లు కాదు. ఆట నేర్చుకుందామని వచ్చినోడికి ఆడే చోటే లేదు. అతన్ని దగ్గరికి తీసింది జేమ్స్ నైస్మిత్. 1891లో ఈ ఆటని కనిపెట్టింది ఆయనే. అప్పటికి ఆయనకి 70 దాటాయి, టీంకి కోచ్ కూడా కాదు. అంతకుముందు కోచ్‌గా కాన్సస్‌లో ఆయన లెక్క 55 గెలుపులు, 60 ఓటములు! గెలుపులే చూస్తే ఆయన్ని ఎవరూ పెట్టుకోరు. కానీ ఆయన దగ్గర నేర్చుకున్న మెక్‌లెండన్ కోచ్ అయ్యి, టెనెస్సీ ఏ అండ్ ఐ జట్టుతో 1957, 1958, 1959 వరసగా మూడేళ్లు ఎన్ఏఐఏ జాతీయ టైటిల్ గెలిచాడు.

హెడ్ కోచ్ మీద రోజూ గెలవాలన్న ఒత్తిడి ఉంటుంది. బెంచీ చివర కూర్చున్న పిల్లాడు ఎందుకు మాట్లాడట్లేదో చూసే తీరిక ఆయనకి దొరకదు. ఆ కుర్చీ మీద ఆశ లేని పెద్దాయనకి దొరుకుతుంది. కోచ్‌కి "ఇది తప్పు" అని మొహమ్మీద చెప్పగలిగేది కూడా ఆయనే.

2023లో ఎన్‌సీఏఏ మొదటి డివిజన్ బాస్కెట్‌బాల్ జట్లకి అదనంగా ఇద్దరు అసిస్టెంట్లని అనుమతించింది. అప్పటి నిబంధన ప్రకారం వాళ్లు కోచింగ్ ఇవ్వొచ్చు, కానీ ఊళ్లు తిరిగి ఆటగాళ్లని వెతికే పని వాళ్లది కాదు. వయసు పైబడ్డ అనుభవజ్ఞులకి సరిగ్గా సరిపోయే పోస్టు. ఇద్దరిలో ఒకరైనా అలాంటివాళ్లు ఉండాలని నా అభిప్రాయం. పెద్దవాళ్లు "మా కాలంలో" అంటూ పాతదే పట్టుకుంటారన్న భయమూ ఉంది. నిజమే, అందుకే చివరి మాట హెడ్ కోచ్‌దే కావాలి.

మనలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ మెట్టు ఎక్కినవాళ్లం. ఆట వదలాలా, చదువు వదలాలా అని అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మానాన్నలకి ప్రేమ ఉంది, ఈ దారి తెలీదు. గ్రూపులో రిటైరైన పీఈటీ సార్లు, మేడమ్‌లు, యూనివర్సిటీకి ఆడిన అన్నలు, అక్కలు ఉంటే కింద రాయండి. నెలకో ఆదివారం మీ దగ్గరలోని హాస్టల్ గ్రౌండ్‌కి వచ్చి కూర్చున్నా చాలు.