ఖాకీ కొలువుకు కన్నడ కాగితం

చింతామణి, బాగేపల్లి, గుడిబండ ప్రాంతాలలో డిగ్రీ ముగించిన బిడ్డ ఇంట ఉంటే తల్లిదండ్రుల నోట వచ్చే తొలి మాట బెంగళూరు, మలి మాట పోలీసు. బెంగళూరులో పని దొరుకుతుంది కాని నిలకడ ఉండదు. పోలీసు కొలువు దొరకడమే కష్టం, దొరికితే నిలుస్తుంది. 2017లో బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం కోలారు కేంద్రంగా ఏర్పడిన తరువాత మన చిక్కబళ్ళాపుర జిల్లా కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. తాలూకా కేంద్రాల ప్రభుత్వ ప్రథమ శ్రేణి కళాశాలల నుండి ఏటా పట్టభద్రులు వెలుపలికి వస్తున్నారు. వీరిలో అనేకులు రైతు కుటుంబాల, కూలి కుటుంబాల వారు. ఇంట్లో మొట్టమొదటి పట్టభద్రులు కూడా తక్కువేమీ కాదు.

కర్ణాటక పోలీసు శాఖలో నేరుగా చేరేందుకు వీరికి ప్రధానంగా రెండు ద్వారాలున్నాయి. సివిల్ కానిస్టేబుల్‌కు పి.యు.సి. చాలును. పి.ఎస్.ఐ., అనగా మన వాడుకలో ఎస్సై, కావలెనంటే గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం పట్టా ఉండవలెను. 2018 వేతన సవరణలో కానిస్టేబుల్ మూలవేతనం 23,500 రూపాయలతోను, ఎస్సై మూలవేతనం 37,900 రూపాయలతోను మొదలయ్యేది. 2024 ఆగస్టు నుండి ఏడవ వేతన సంఘం స్థాయిలు అమలులోకి వచ్చి రెండూ పెరిగాయి. పట్టా ఉన్నవారు కానిస్టేబుల్ పదవికి దరఖాస్తు చేసుకొనుటలో తప్పేమీ లేదు. పైగా సర్వీసులో ఉన్న పట్టభద్రులకు ఎస్సై నియామకాలలో వేరుగా కొన్ని పదవులు, వయసులో సడలింపు ఉంటున్నాయి. కాని డిగ్రీ చదివించిన తండ్రికి "మావాడు ఎస్సై పరీక్షకు కూర్చున్నాడు" అనుటలో ఉన్న గౌరవం వేరు. ఆ గౌరవం కోసం నాలుగైదేళ్ళు ఇంట కూర్చున్న బిడ్డలను మనమందరం ఎరుగుదుము.

ఆ నాలుగైదేళ్ళ కథలో అభ్యర్థుల తప్పు కొంతే. 2021 అక్టోబరు 3న 545 ఎస్సై పదవులకు జరిగిన పరీక్షను 54 వేలకు పైగా అభ్యర్థులు వ్రాశారు. 2022 జనవరిలో తాత్కాలిక జాబితా వచ్చింది. ఏప్రిల్ నాటికి కలబురగిలోని ఒక పరీక్షా కేంద్రంలో జరిగిన అక్రమాలు బయటపడ్డాయి. కొందరు ఖాళీగా వదిలిన జవాబు పత్రాలు ఆ తరువాత నిండాయని, కొందరు చెవిలో పరికరం పెట్టుకొని జవాబులు విన్నారని ఆరోపణలు వచ్చాయి. ఏప్రిల్ 29న ప్రభుత్వం పరీక్షను రద్దు చేసింది. జూలైలో నియామక విభాగానికి అధిపతిగా పనిచేసిన అదనపు డి.జి.పి.నే సి.ఐ.డి. అరెస్టు చేసింది. పోలీసులను ఎంపిక చేసే పోలీసు అధికారిని పోలీసులే అరెస్టు చేసిన ఆ దృశ్యం రాష్ట్ర చరిత్రలో మరువరానిది.

నిజాయితీగా వ్రాసి జాబితాలో పేరు చూసుకొన్నవారు హైకోర్టుకు వెళ్ళారు. 2023 నవంబరులో న్యాయస్థానం రద్దును సమర్థించి, స్వతంత్ర సంస్థ ద్వారా మరల పరీక్ష జరుపుమన్నది. ఆ ప్రకారం కర్ణాటక పరీక్షా ప్రాధికారం 2024 జనవరి 23న బెంగళూరులో మరుపరీక్ష జరిపింది. తుది జాబితా వచ్చేనాటికి 2024 అక్టోబరు అయింది. మరి 402 పదవులకు వేరుగా జరగవలసిన పరీక్ష రెండుసార్లు వాయిదా పడి 2024 అక్టోబరు 3న జరిగింది. తొలి పరీక్ష జరిగిన తేదీయే, సరిగ్గా మూడేళ్ళ తరువాత. అదే నెల చివర, షెడ్యూల్డు కులాల లోపలి వర్గీకరణ తేలేవరకు కొత్త ప్రకటనలు వద్దని మంత్రివర్గం నిర్ణయించింది. నాగమోహన్ దాస్ సంఘం నివేదిక 2025 ఆగస్టులో అందగా, అదే నెలలో 17 శాతాన్ని 6, 6, 5గా విభజించడానికి మంత్రివర్గం అంగీకరించింది. ఈ నిలుపుదలలో వయసు మీరిన వారికోసం 2025 సెప్టెంబరులో రాష్ట్ర నియామకాలకు ఒక్కసారి సడలింపు ప్రకటించి, దానిని చివరకు మూడేళ్ళు చేశారు. 21 ఏళ్ళకు పట్టా పుచ్చుకొన్న బిడ్డకు ఇరవైల వయసంతా ఈ తేదీల నడుమనే గడిచిపోయింది. సడలింపు వయసును తిరిగి ఇస్తుందేమో కాని, ఆ ఏళ్ళలో ఇంటికి రాని జీతాన్ని ఇవ్వదు.

ఇక దేహదారుఢ్యం సంగతి. పురుషులకు 168 సెంటీమీటర్ల ఎత్తు, స్త్రీలకు 157 సెంటీమీటర్ల ఎత్తు. పురుషులకు 1600 మీటర్ల పరుగు, స్త్రీలకు 400 మీటర్ల పరుగు. దూకుడు, గుండు విసురుట. పొలం పనికి అలవాటుపడిన మన పిల్లలకు దీనిని గురించి పెద్దగా చెప్పనక్కరలేదు.

చెప్పవలసినది వ్రాతపరీక్షలోని మొదటి పత్రం గురించి. అది 50 మార్కులది. అందులో వ్యాసం, సంక్షిప్త లేఖనం, కన్నడం నుండి ఆంగ్లానికి, ఆంగ్లం నుండి కన్నడానికి అనువాదం ఉంటాయి. రెండవ పత్రం 150 మార్కుల బహుళైచ్ఛిక ప్రశ్నలు; తప్పు జవాబుకు కోత ఉంటుంది. శిక్షణ కేంద్రాలన్నీ రెండవ పత్రం చుట్టూనే తిరుగుతాయి, ఎందుకంటే దానిని గైడు పుస్తకంతో చెప్పవచ్చు. అయితే అర మార్కు తేడాతో పేర్లు ఎక్కి దిగే జాబితాలో మొదటి పత్రమే తూకం మారుస్తుంది.

మన బిడ్డ ఇంట తెలుగు మాటాడును, బడిలో కన్నడం చదువును. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళవలె ఉండుటచేత కన్నడం తనకు వచ్చునని ధీమా. చిక్కు అక్కడే ఉన్నది. ఒకే సంస్కృత పదం గట్టు దాటగానే అర్థం మార్చుకొంటుంది. మనకు శిక్షణ అంటే తర్ఫీదు. కన్నడంలో శిక్షణ అంటే విద్య, తర్ఫీదును వారు తరబేతి అంటారు. మనకు అవసరం అంటే కావలసినది. వారికి అవసర అంటే తొందర. కన్నడ పత్రికలో రైతుల "ఆగ్రహ" అని శీర్షిక ఉంటే అది రైతుల డిమాండు. మన పిల్లవాడు దానిని రైతుల కోపంగా ఆంగ్లంలోకి మారుస్తాడు. అర్థం తలక్రిందులైన అనువాదానికి మార్కులు ఎట్లు వచ్చును? పాలు, పులి అని ఇంట పలికి హాలు, హులి అని బడిలో వ్రాసే బిడ్డకు ఇది తెలివితక్కువతనం కాదు. రెండు భాషల నడుమ పెరిగినవారికి ఎవరైనా ఒకరు కూర్చోబెట్టి చెప్పవలసిన సంగతి. రోజూ ఒక కన్నడ సంపాదకీయాన్ని ఆంగ్లంలోకి, ఒక ఆంగ్ల వార్తను కన్నడంలోకి మార్చి, కన్నడ ఉపాధ్యాయునిచేత దిద్దించుకొనుట కంటె మించిన కోచింగు ఈ పత్రానికి లేదు. దానికి బెంగళూరు విజయనగరంలో గది అద్దెకు తీసుకోవలసిన పని కూడా లేదు.

మరొక సంగతి చాలా ఇళ్ళలో ఆలస్యంగా తెలుస్తున్నది. రాష్ట్ర నియామకాలలో గ్రామీణ అభ్యర్థులకు 25 శాతం, కన్నడ మాధ్యమంలో చదివినవారికి 5 శాతం సమాంతర రిజర్వేషన్లు ఉన్నాయి. రెండింటికీ ఒకటి నుండి పదవ తరగతి వరకు చదివిన బడియే ఆధారం. పాతపాళ్యం వైపు ప్రభుత్వ కన్నడ బడిలో పదేళ్ళు చదివిన తెలుగింటి బిడ్డ రెండింటికీ అర్హుడే. ఇంటి భాష ఏదని ఎవరూ అడగరు. అప్పు చేసి చింతామణి పట్టణంలో ఆంగ్ల మాధ్యమానికి పంపిన ఇంటి బిడ్డకు రెండూ పోతాయి. మేనమామ ఇంట ఉంచి హిందూపురంలోనో, మదనపల్లెలోనో తెలుగు మాధ్యమంలో చదివించిన బిడ్డకు కన్నడ మాధ్యమపు వాటా ఎట్లాగూ రాదు, మొదటి పత్రం కూడా భారమే. తల్లిదండ్రులు చేసిన త్యాగమే ఇట్లు అడ్డు తగులుట విచారకరం. ఒకటవ తరగతిలో చేర్చేనాడు ఎస్సై ప్రకటన చదివే తండ్రి ఎవరుంటారు?

కలబురగి, రాయచూరు మొదలైన జిల్లాలకు రాజ్యాంగం 371-జె అధికరణం క్రింద స్థానిక కోటా ఉన్నది. 2002 నాటి నంజుండప్ప సంఘం బాగేపల్లిని వెనుకబడిన తాలూకాల పట్టికలో చేర్చినా ఈ వైపు అట్టి ఏర్పాటు ఏదీ లేదు. మన బిడ్డలు మైసూరు, మండ్య బిడ్డలతో ఒకే బరిలో నిలువవలెను.

కుల ధ్రువపత్రాల విషయంలో సరిహద్దు గీత మరింత పదునైనది. నాయక, వాల్మీకి కుటుంబాలు కర్ణాటకలో షెడ్యూల్డు తెగ. కొడికొండ చెక్‌పోస్టు దాటితే మైదాన ప్రాంతపు బోయలు బి.సి.-ఎ. లంబాణీలు ఇక్కడ షెడ్యూల్డు కులం, అక్కడ సుగాలీలుగా షెడ్యూల్డు తెగ. వడ్డెరలు ఇక్కడ భోవి పేరిట షెడ్యూల్డు కులం, అక్కడ బి.సి.-ఎ. బలిజలకు ఇక్కడ విద్యలో 2-ఎ, ఉద్యోగంలో 3-ఎ. కళాశాల ప్రవేశానికి పనికివచ్చిన వర్గాన్నే ఎస్సై దరఖాస్తులోనూ నింపి చిక్కులో పడే ప్రమాదం వీరికి ఉన్నది. బంధుత్వాలు మాత్రం గీతను లెక్కచేయవు. చిలమత్తూరు నుండి బాగేపల్లికి కోడలుగా వచ్చిన పట్టభద్రురాలు తన పుట్టింటి రిజర్వేషన్‌ను వెంట తెచ్చుకొనజాలదు. ఒక రాష్ట్రపు షెడ్యూల్డు హోదా వలస వచ్చిన రాష్ట్రంలో చెల్లదని సుప్రీంకోర్టు 1990లో చెప్పింది. 2018లో రాజ్యాంగ ధర్మాసనం మరల స్థిరపరచింది. ఆమె ఇక్కడ సాధారణ వర్గంలో, సాధారణ వర్గపు వయోపరిమితిలోనే పోటీపడవలెను. అత్తవారి ధ్రువపత్రం చూపి దరఖాస్తు నింపమని ఎవరైనా సలహా ఇస్తే వినరాదు. తనిఖీలో బయటపడితే పోయేది ఆ ఉద్యోగం ఒక్కటే కాదు.

"ఇక్కడ కాకుంటే ఆంధ్రలో వ్రాయుము" అనే మాట కూడా తరచుగా వినబడుతుంది. అక్కడా ఎస్సైకి డిగ్రీ, కానిస్టేబుల్‌కు ఇంటర్మీడియట్ కావలెను. కాని 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుతో మొదలైన స్థానికత నియమం వలన సింహభాగం పదవులు అక్కడ చదివిన స్థానికులకే చెందుతాయి. మన బిడ్డ స్థానికేతరుడు. పైగా కన్నడ బడిలో చదివినవాడికి తెలుగు మాట వచ్చును, తెలుగు వ్రాత రాదు. ఈ వారపత్రికను ఇంట తాతయ్య చదువుతాడు, మనుమడు వింటాడు. అటువైపు నియామకాలూ చురుకుగా సాగలేదు: 2022 నవంబరులో ప్రకటించిన 6,100 కానిస్టేబుల్ పదవుల తుది ఫలితాలు 2025 ఆగస్టులో గాని రాలేదు.

ఇంత కష్టపడి మనవారు స్టేషనులో కూర్చుంటే ఊరికి ఏమి ఒరుగును అని అడిగేవారున్నారు. మన జిల్లాకు పోలీసు జ్ఞాపకాలు తీపివి కావు. 1938 ఏప్రిల్ 25న విదురాశ్వత్థంలో సత్యాగ్రహులపై కాల్పులు జరిపినది పోలీసులే. 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా దహనం చేసిన కేసులో 2006లో నిందితులందరూ విడుదలయ్యారు; సాక్షులు ఎదురుతిరిగారు. అందుకు భాషే కారణమని ఎవరూ అనజాలరు. భయం, కులం, ఆలస్యం, అన్నీ ఉన్నాయి. అయినా పోలీసు వద్ద నోరు విప్పుట ఎంత బరువైన పనియో ఆ ఊరు చెబుతుంది.

మామూలు రోజున కెంచార్లహళ్ళిలోనో, బట్లహళ్ళిలోనో, చేళూరులోనో జరిగేది ఇది. ఒక ముసలమ్మ తన గోడు తెలుగులో చెప్పుకొంటుంది. రాసుకొనేవారు కన్నడంలో రాసుకొంటారు. వ్రాసినది ఫిర్యాదుదారుకు చదివి వినిపించవలెనని పాత నేర ప్రక్రియా స్మృతిలోనూ ఉన్నది, 2024 జూలై నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉన్నది. వినిపించేది కన్నడం, ఆమె తల ఊపి వేలిముద్ర వేస్తుంది. గట్టు తగాదాలో "దొబ్బినాడు" అన్న మాట తోసినాడని వ్రాయబడిందో, కొట్టినాడని వ్రాయబడిందో, అసలు తిట్టుగా అర్థమై వదిలివేయబడిందో రెండేళ్ళ తరువాత కోర్టులో గాని తేలదు. మైసూరు వైపు నుండి వచ్చిన ఎస్సై మంచివాడే కావచ్చును. ఆ మాట ఆయన చెవికి కొత్త.

ఇంగ్లాండు, వేల్సులలో కొత్తగా చేరే పోలీసులందరికీ డిగ్రీ స్థాయి చదువు ఉండవలెనని ఒక విధానం తెచ్చి, 2022లో డిగ్రీ లేని మార్గాన్ని కొనసాగించడానికి మరల ఒప్పుకొన్నారు. ఊరి మనిషితో మాటాడగలవాడే కావలెనన్నది అక్కడి వాదాలలో ఒకటి. మన వద్ద ఆ రెండూ ఒక్కరిలోనే ఉన్నాయి: పట్టా ఉన్నది, ముసలమ్మ భాషా వచ్చును. ఆ రెండవదానికి ప్రకటనలో మార్కులు లేవు. మొదటి పత్రంలో కన్నడ అనువాదం ఉండుట న్యాయమే, ఎందుకంటే రాష్ట్ర పాలనా భాష అది. కాని అల్పసంఖ్యాక భాషలు బలంగా ఉన్న తాలూకాలలో ఆ భాష తెలిసినవారిని స్టేషన్లకు కేటాయించమని మన శాసనసభ్యులు అడుగుటకు ఏ పరీక్షా అడ్డు కాదు. ఇన్నేళ్ళలో ఆ కోరిక గట్టిగా వినబడిన జాడ లేదు.

ప్రకటన వచ్చేలోగా చేసుకోదగిన పనులు కొన్ని ఉన్నాయి. కుల ధ్రువపత్రం షెడ్యూల్డు కులాలు, తెగలకు ఫారం-డి, ప్రవర్గం-1కి ఫారం-ఇ, 2-ఎ నుండి 3-బి వరకు ఫారం-ఎఫ్. వీటిని నాడకచేరిలో తీసుకోవలెను. తండ్రి పేరు, ఇంటిపేరు పదవ తరగతి మార్కుల పట్టికలో ఉన్నట్లే ఉన్నవో లేదో సరిచూడవలెను. తెలుగు ఇంటిపేరును కన్నడ బడిలో ఒక విధంగా, ఆధార్‌లో మరొక విధంగా వ్రాసిన ఇళ్ళు మన వద్ద లెక్కకు మించి ఉన్నాయి. గ్రామీణ, కన్నడ మాధ్యమ ధ్రువపత్రాలకు చదివిన బడి ప్రధానోపాధ్యాయుని సంతకం కావలెను. గ్రామీణ పత్రంపై క్షేత్ర శిక్షణాధికారి సంతకం కూడా. మూతపడిన బడి అయితే దాని రికార్డులు ఏ బడికి చేరాయో ముందుగానే కనుక్కోవలెను. దరఖాస్తు చివరి తేదీ తరువాత పుచ్చుకొన్న పత్రం తనిఖీలో నిలువదు.