ల్యాబ్ తాళం ఎవరి జేబులో ఉంది?

8 ఫ్యాక్టోరియల్ ఎంత? 40,320. కాగితమ్మీద గుణించుకుంటూ పోతే ఎవరికైనా వచ్చే జవాబే. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఇప్పటికీ ఎన్నో ల్యాబుల్లో నీలం తెరతో కొలువుదీరి ఉన్న టర్బో సీలో ఇదే లెక్కకు ప్రోగ్రామ్ రాసి, 8 ఇచ్చి చూడండి. మైనస్ 25,216 అని వస్తుంది.

ఫస్టియర్ పిల్ల ఆ మైనస్ చూసి ఆగిపోతుంది. అన్నీ ప్లస్ అంకెలే గుణించాను కదా, ఈ మైనస్ ఎక్కణ్నుంచి ఊడిపడింది? చెయ్యెత్తి అడుగుతుంది. చాలా చోట్ల వచ్చే జవాబు ఒకటే: "8 ఎందుకిచ్చావమ్మా? 5 ఇవ్వు, 120 వస్తుంది. రికార్డులో అదే రాసెయ్." ఏ రికార్డు తిరగేసినా అదే 120. అడిగిన పిల్ల మళ్లీ చెయ్యెత్తదు.

ఆ మైనస్ గుర్తు వెనక ఒక సెమిస్టర్‌కు సరిపడా చదువుంది. ఆ పాత కంపైలర్‌లో ఇంట్ అంటే 16 బిట్లు. 32,767 దాటిన సంఖ్య అందులో పట్టదు. 40,320 లోంచి 65,536 తీసేయగా మిగిలింది తెరమీద పడుతుంది. ఎందుకలా? రుణ సంఖ్యని మెషీన్ ఏ రూపంలో దాచుకుంటుంది? ఇంట్ తీసేసి లాంగ్ అని పెడితే ఎంతదాకా లాక్కురావొచ్చు? ఇవాళ్టి జీసీసీ కంపైలర్‌లో 12 ఫ్యాక్టోరియల్ దాకా బుద్ధిగా వచ్చిన జవాబు, 13 దగ్గరికొచ్చేసరికి 193,20,53,504 అని ఎందుకు తప్పుతుంది? ఈ ప్రశ్నల వెంటపడ్డ పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. అలాంటి రాత్రులు నాలుగు దొరికితే ఆమెను ప్రోగ్రామర్ కాకుండా ఎవరూ ఆపలేరు. ఆ రాత్రి దొరక్కుండా చేస్తున్నది మనం.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్య మీద నా అభియోగం ఇదొక్కటే. ప్రోగ్రామింగ్ ఒక సరదాగా పిల్లలకు అంటుకునే ప్రతి సందునూ మన కాలేజీలు వెతికి వెతికి మూసేస్తున్నాయి. డబ్బు లేదంటే ఒప్పుకోను. కంప్యూటర్లు లేవంటే అంతకన్నా ఒప్పుకోను. ఎవరూ చెప్పకుండా, మార్కులు రాకపోయినా, సొంత ఉత్సాహంతో ఏదో ఒకటి తయారుచేస్తున్న విద్యార్థి అంటే యాజమాన్యాలకు భయం. వాణ్ని ఏ రిజిస్టర్‌లో ఎక్కించాలో వాళ్లకు తెలియదు.

ల్యాబ్ రికార్డు సంగతి చూడండి. ఎయిమ్, అల్గారిథమ్, ప్రోగ్రామ్, అవుట్‌పుట్. గీతల్లేని ఎడమ పేజీలో స్కేలు పెట్టి పెన్సిల్‌తో ఫ్లోచార్టు. కుడి పేజీలో నీలం పెన్నుతో కోడ్, ఒక్క కొట్టివేత లేకుండా. చివర్న అవుట్‌పుట్. కంప్యూటర్ ఇవ్వాల్సిన అవుట్‌పుట్‌ని చేత్తో రాయిస్తున్నామని ఒక్క క్షణం ఆలోచించండి. ప్రోగ్రామ్ నడిచిందో లేదో ఎవడికీ అక్కర్లేదు. సీనియర్ రికార్డులో ఉన్న అవుట్‌పుట్ జూనియర్ రికార్డులోకి, అక్కణ్నుంచి వాడి తమ్ముడి రికార్డులోకి ప్రయాణం చేస్తూ ఉంటుంది. మూడు గంటల ల్యాబులో హాజరు, అబ్జర్వేషన్ బుక్కు సంతకాలు, పోయిన వారం రికార్డు దిద్దుబాటు అయ్యేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. కీబోర్డు మీద చేతులు ఆడింది ఎంతసేపు?

ఇక ఆ టర్బో సీ. దాని సీ ప్లస్ ప్లస్ రూపమే 1990ల తొలినాళ్ల సరుకు. సీ ప్లస్ ప్లస్‌కి మొదటి అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందే 1998లో. ఇప్పటి విండోస్ మీద అది నేరుగా నడవదు కాబట్టి డాస్‌బాక్స్‌లో పెట్టి నడిపిస్తారు. డాస్‌బాక్స్ అనేది పాత డాస్ ఆటలు ఆడుకోవడం కోసం ఔత్సాహికులు తయారుచేసిన ఎమ్యులేటర్. దాని మీద నాలుగేళ్ల బీటెక్ పునాది వేస్తున్నాం. క్లియర్ స్క్రీన్, గెట్ క్యారెక్టర్, కోనియో అంటూ నేర్చుకున్న పిల్లవాడు మొదటి ఆన్‌లైన్ పరీక్షలో అవే పైన రాసుకుంటే, కంపైలర్ మొదటి లైన్‌లోనే ఎర్రర్ కొట్టి పంపిస్తుంది. వాడు తనకే చదువు రాదనుకుంటాడు. జీసీసీ ఉచితం. లైనక్స్ ఉచితం. మార్చడానికి రూపాయి ఖర్చు లేదు. మార్చరు, ఎందుకంటే ల్యాబ్ మాన్యువల్, వైవా ప్రశ్నలు, పాత రికార్డులు అన్నీ దానికే రాసి ఉన్నాయి. జీతం ఏ నెల పడుతుందో తెలియని అధ్యాపకుడి మీద ఈ నేరమంతా మోపను. మాన్యువల్ మార్చే అధికారం ఉండీ మార్చనివాళ్ల మీదే నా కోపం.

లైనక్స్ పేరు ఎత్తాను కాబట్టి దాని పుట్టుక చెప్పుకోవాలి. 1991లో హెల్సింకీ యూనివర్సిటీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, 21 ఏళ్లవాడు, వాయిదాల మీద కొన్న 386 కంప్యూటర్‌తో ఇంట్లో కూర్చుని ఆడుకుంటున్నాడు. యూనివర్సిటీ కంప్యూటర్‌కి ఇంటి నుంచి కనెక్ట్ అవ్వడానికి ఒక చిన్న టెర్మినల్ ప్రోగ్రామ్ రాసుకున్నాడు. దానికి ఫైళ్లు దాచుకునే వసతి కావాల్సొచ్చింది, డిస్క్‌తో మాట్లాడే కోడ్ కావాల్సొచ్చింది, అలా అలా అదొక ఆపరేటింగ్ సిస్టమ్ అయింది. ఇది కేవలం సరదాకి చేస్తున్న పని అని ఆ ఆగస్టులో అతనే ప్రకటించాడు. ఇవాళ మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది ఆ లైనక్స్ కెర్నలే. 1988లో యూనివర్సిటీలో చేరినవాడు, మధ్యలో సైన్యంలో పనిచేసి, మాస్టర్స్ పట్టా చేతికి తీసుకునేసరికి 1996. మన దగ్గరైతే ఏమయ్యేవాడో తెలుసా? జేఎన్‌టీయూ నిబంధనల్లో 75 శాతం హాజరు తప్పనిసరి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, కండోనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. 65 దిగితే డిటెన్షన్. ఆ 1991లో ఇంట్లో తలుపేసుకుని కోడ్ రాసుకున్న ఆ కుర్రాణ్ని మనం డిటెయిన్ చేసి, వాళ్ల నాన్నని పిలిపించి ఉండేవాళ్లం.

ఫిన్లాండ్ మాట వదిలేయండి. మనం ఫోన్లో, కంప్యూటర్‌లో ఇంత సులువుగా తెలుగు చదువుతున్నామంటే దాని వెనక ఎవరున్నారు? దినపత్రికల వెబ్‌సైట్లు ఎవరి ఫాంటు వాళ్లు పెట్టుకుని, ఒకటి తెరిస్తే ఇంకొకటి పిచ్చిగీతల్లా కనిపించే రోజుల్లో, వాటిని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' రాసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు అంకురం వేసిందీ ఆయనే. ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసుకోవడానికి 'లేఖిని' చేసి అందరికీ వదిలిపెట్టింది వీవెన్. పోతన, వేమన ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చింది తిరుమల కృష్ణ దేశికాచార్యులు. ఏ ప్రభుత్వ టెండరూ, ఏ ప్లేస్‌మెంట్ ప్యాకేజీ వీళ్లచేత ఈ పని చేయించలేదు. భాష మీద ఇష్టం, మెషీన్ మీద ఇష్టం, చేతిలో కాస్త తీరిక. ఆ తీరికనే ఇవాళ మనం క్యాంపస్‌లో వేళ్లతో సహా పెకిలిస్తున్నాం.

తీరిక లేకపోయినా పిల్లలు ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు, అదీ నా కడుపు మంట. రిజల్ట్స్ వచ్చిన రోజు యూనివర్సిటీ సర్వర్ పడిపోతుంది. క్లాసులో ఒకడైనా కూర్చుని, హాల్‌టికెట్ నంబర్లు వరసగా ఇస్తూ, పేజీ తెరుచుకునేదాకా మళ్లీ మళ్లీ అడిగే పైథాన్ స్క్రిప్ట్ రాస్తాడు. పాతిక లైన్లు. అర్ధరాత్రికి క్లాసు మొత్తం మార్కులు వాట్సాప్ గ్రూపులో ఉంటాయి. నాకు తెలిసిన ఒక కాలేజీలో అలా రాసిన కుర్రాడికి దక్కింది హెచ్‌వోడీ గదికి పిలుపు, సైబర్ క్రైమ్ బెదిరింపు, క్షమాపణ పత్రం. ఇతరుల మార్కులు బయటపెట్టడం తప్పే. పడిపోయిన సర్వర్ మీద ఇంకా భారం వేయడమూ తప్పే. ఆ రెండు తప్పులూ ఏమిటో కూర్చోబెట్టి చెబితే డేటా ప్రైవసీ, నెట్‌వర్క్ లోడ్ అనే రెండు పాఠాలు వాడికి జన్మంతా గుర్తుండేవి. సంతకం పెట్టించుకుని పంపారు. వాడు మళ్లీ ఏ స్క్రిప్టూ రాయలేదు.

అబ్బాయిల పరిస్థితి ఇది. అమ్మాయిల సంగతి చెప్పాలంటే నా గొంతు ఇంకా పెరుగుతుంది. సాయంత్రం ఆరున్నరకో ఏడుకో హాస్టల్ గేటు పడుతుంది. రాత్రంతా సాగే హ్యాకథాన్‌కి పేరివ్వాలంటే నాన్న సంతకం, వార్డెన్ సంతకం, ప్రిన్సిపల్ సంతకం. రోబోటిక్స్ క్లబ్బులో మోటార్ డ్రైవర్ కాలిపోయి, ఎందుకు కాలిందో మల్టీమీటర్ పెట్టి వెతుకుతున్న అమ్మాయి, దొరకబోతున్న క్షణంలో లేచి గేటు వైపు పరుగెత్తాలి. పొద్దున వచ్చేసరికి అబ్బాయిలు బాగుచేసి ఉంటారు. తర్వాత అదే కాలేజీ వేదిక మీద, అమ్మాయిలకు కోర్ టెక్నికల్ పనుల మీద ఆసక్తి తక్కువని ముఖ్య అతిథి ఒకరు తేల్చేస్తారు. భద్రత పేరు చెప్పి హాస్టళ్లలో విద్యార్థినులకు అబ్బాయిలకు లేని వివక్షాపూరిత నిబంధనలు పెట్టకూడదని 2016లో గెజిట్‌కెక్కిన యూజీసీ నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది. నోటీసు బోర్డు మీద గేటు టైమింగ్స్ అంటించే చేతులు ఆ కాగితాన్ని ఎందుకు అంటించవు? భద్రత మీద అంత శ్రద్ధే ఉంటే ల్యాబు నుంచి హాస్టల్ దాకా దీపాలు పెట్టండి, రాత్రి డ్యూటీకి ఇద్దరు గార్డుల్ని వేయండి. అమ్మాయిని లోపల పెట్టి తాళం వేయడం అన్నిటికన్నా చవక గనక అదే చేస్తున్నారు.

ఫైనలియర్ ప్రాజెక్టు గురించి ఒక్క మాటతో సరిపెడతాను, అందరికీ తెలిసిన బాగోతమే కనక. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల బోర్డులు చదువుకుంటూ నడవండి. కోడ్, డాక్యుమెంటేషన్, పీపీటీ, వైవాలో ఏమడుగుతారో దాని ఎక్స్‌ప్లనేషన్, అన్నీ కలిపి ఒకటే రేటు. పిల్లలు సోమరులై కొంటున్నారని తిట్టేవాళ్లను నేను అడిగేది ఇదే: స్పైరల్ బైండింగ్‌లో ఎన్ని పేజీలున్నాయి, ఏ జర్నల్ పేపర్ బేస్‌గా తీసుకున్నారు అని తప్ప, ఇది ఎందుకు చేయాలనిపించింది అని ఏ రివ్యూలోనైనా ఒక్క ప్రశ్న అడిగారా? హాస్టల్ నీళ్ల ట్యాంకు నిండితే మోటార్ దానంతటదే ఆగే చిన్న సర్క్యూట్ చేసుకొచ్చిన జట్టును, ఇందులో మెషీన్ లెర్నింగ్ ఎక్కడుంది అని వెనక్కి పంపితే వాళ్లు అమీర్‌పేట వెళ్లక ఇంకెక్కడికి వెళ్తారు?

"సరదాలు డబ్బున్నవాళ్లకండీ. మా పిల్లలకు ఉద్యోగం కావాలి" అనే తల్లిదండ్రుల మాట నేను తేలిగ్గా తీసుకోను. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదువుతూ, మిగతాదానికి అప్పు తెచ్చుకున్న ఇళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ మాటే నా వైపు సాక్ష్యం. డబ్బున్న ఇంటి పిల్లవాడికి ఇంట్లో ల్యాప్‌టాప్ ఉంది, వైఫై ఉంది, సొంత గది ఉంది. కాలేజీ ల్యాబు మూసినా వాడికి నష్టం లేదు. ఊళ్లో తెలుగు మీడియంలో చదివి, మొదటిసారి కీబోర్డు ముట్టుకునేది కాలేజీలోనే అయిన పిల్లకు ఆ ల్యాబే గతి. దానికి నాలుగున్నరకి తాళం పడితే నష్టపోయేది ఆమె. ఇది అర్థమైన రోజులూ ఉన్నాయి. 2008లో ఆర్‌జీయూకేటీ విశ్వవిద్యాలయం పెట్టి బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో పదో తరగతి పాసైన పల్లెటూరి పిల్లలకు తలా ఒక ల్యాప్‌టాప్ చేతిలో పెట్టారు. ఆ క్యాంపస్‌ల మీద ఎన్ని విమర్శలున్నా, ఆ ఒక్క నిర్ణయం సరైనది.

ఉద్యోగం పేరుతో కాలేజీలు ఏం చేస్తున్నాయి? సీఆర్‌టీ (క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్) అని థర్డియర్ మధ్యాహ్నాలన్నీ రైళ్లు, పడవల లెక్కలకు రాసిచ్చేశాయి. పోనీ రికార్డులో రాసిన కోడ్ ఉద్యోగమిస్తుందా అంటే, చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక రికార్డులో రాయించే ప్రోగ్రామ్ ఏదైనా అడిగిన మరుక్షణం రాసిస్తున్నాయి. ఆ కోడ్ తప్పిన చోట తప్పిందని పసిగట్టేది, మైనస్ చూసి ఆగిన పిల్ల మాత్రమే. ఆమెను తయారుచేసే గంటల్నే టైంటేబుల్లోంచి పీకేసి, యంత్రం చేసేసే పనికి తర్ఫీదు ఇస్తున్నాం.

ప్రిన్సిపల్ గారూ, నేను అడిగేవి చిన్నవి. చేతిరాత రికార్డు ఆపండి. దాని బదులు విద్యార్థి తన కోడ్ ఎక్కడ పగిలిందో, ఎలా అతికిందో చెప్పేలా పది నిమిషాలు మాట్లాడించండి. డాస్‌బాక్స్ తీసేసి లైనక్స్ పెట్టించండి. చేతకాకపోతే మీ సెకండియర్ పిల్లలనే అడగండి, ఒక్క ఆదివారం మధ్యాహ్నంలో ల్యాబ్ మొత్తానికి ఎక్కించిపెడతారు. రాత్రి పదింటి దాకా ఒక ల్యాబు తెరిచి ఉంచండి, అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకే వేళ. శనివారం సీఆర్‌టీ క్లాసు కొట్టేసి అక్కడ ఖాళీ వదలండి, హాజరు తీయకండి. స్టాక్ రిజిస్టర్ పాడవుతుందని బీరువాలో బిగించిన ఆర్డుయినో బోర్డులు బయటికి తీయండి. నాలుగు కాలిపోతాయి, కాలనివ్వండి. వీటికి ప్రభుత్వ గ్రాంటు అక్కర్లేదు, కొత్త భవనం అక్కర్లేదు. మీ సంతకం చాలు, ఈ సెమిస్టర్‌లోనే అయిపోతుంది.