అపురూపమైన ఇటలీ కారు

మన నిజాంపురాలో ఒక పాత ఫియట్ అమ్మకానికి వచ్చింది. అపురూపమైన ఇటలీ విలాసపు కారని అమ్మేవారు చెప్పుకొంటున్నారు. మన సోదరులొకరు రెండు సాంచాలు అమ్మిన డబ్బు చేత పట్టుకొని, కొనవచ్చునా అని మమ్ము అడిగారు. పెళ్లి బరాతులకు అద్దెకు తిప్పితే పెట్టుబడి తిరిగి వస్తుందని వారి లెక్క.

ముందు ఆ విలాసం సంగతి. ఇటలీవారికి విలాసమంటే లాన్సియా ఫ్లామినియా, మజెరాటి క్వాత్రోపోర్తే వంటి బండ్లు. (క్వాత్రోపోర్తే అంటే వారి భాషలో నాలుగు తలుపులు, అంతే! వినడానికి మాత్రం యే మహారాణి పేరో అనిపిస్తుంది.) ఫియట్ 1100 అక్కడ మధ్యతరగతి సంసారుల బండి. మన దేశానికి వచ్చిన తరువాతనే దానికి దొరతనం అబ్బింది. వాల్‌చంద్ హీరాచంద్‌గారు 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు బొంబాయి కుర్లాలో దీనిని తయారుచేసేవారు. 1960లలో కార్ల పంపిణీ ప్రభుత్వం చేతిలో వుండేది. డబ్బు కట్టినవారు సైతం యేళ్ల తరబడి వంతు కోసం కాచుకొన్నారు. అందుచేత ఫియట్ యెక్కినవాడల్లా సేఠ్‌గారే.

మొదటి రకం బండిని, దాని ముట్టె వంటి ముందుభాగం చూచి, బొంబాయివారు డుక్కర్ ఫియట్ అన్నారు. డుక్కర్ అంటే మరాఠీలో పంది. మన పిల్లలకు చెప్పనక్కరలేదు. 1964లో 1100 డి వచ్చింది. అదే 1974లో ప్రీమియర్ పద్మిని అయింది. అది పద్మశాలీల గౌరవార్థం పెట్టిన పేరని మురిసేవారు పద్మానగర్‌లో వుంటే వుండవచ్చును గాని, ఆ పేరు చిత్తోడ్ రాణిది. చివరకు టాక్సీగా మారి అందరి బండీ అయింది. 2023 అక్టోబరు చివరకు ముంబయి వీథులలో ఆ టాక్సీలు కూడా లేకుండా పోయాయి. కనుక అపురూపమన్న మాటలో అబద్ధం లేదు.

అద్దె లెక్క మాత్రం మాకు నచ్చలేదు. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 యేళ్లు దాటి, పెద్ద మార్పులు చేయని బండిని వింటేజ్‌గా నమోదు చేయించవచ్చును. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప దానిని రోడ్డెక్కించరాదు. వ్యాపారానికి అసలే పనికిరాదు. మామూలు సొంత కారుగానే వుంచుకొందామంటే, పదిహేనేళ్లు దాటినది గనుక అయిదేళ్లకొకసారి తనిఖీ చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. తెల్ల పలక బండిని అద్దెకు తిప్పడానికి చట్టం ఒప్పదు.

ముచ్చట కోసమే కొంటామంటారా, కాదనము. ఇంజనుకు భయపడనక్కరలేదు, బాగుచేసే పాత మేస్త్రీలు ఇంకా వున్నారు. భయమంతా తుప్పుతోనే. ఈ కారుకు లారీకి వున్నట్లు విడిగా చట్రం వుండదు, రేకు శరీరమే బరువంతా మోస్తుంది. మన వానలకు అడుగు రేకు తిన్నదంటే పైన యెంత రంగు పూసినా లాభం లేదు. చాసిస్ నెంబరు, ఇంజను నెంబరు కాగితాలతో సరిపోవాలి. బయానా ఇచ్చే ముందు, బండి కింద పడుకొని చూడగల మేస్త్రీని వెంటబెట్టుకొని పగటిపూట వెళ్లండి.