ఈద్ బట్టల ఆర్డర్: లెక్క దర్జీ గడువు నుంచే

ఈద్‌కు కుటుంబమంతా ఒకచోట చేరాలి, పిల్లలంతా ఒకే రకం బట్టల్లో మెరవాలి. సికింద్రాబాద్‌లో చాలా ఇళ్లలో ఇదే ముచ్చట. అందుకని విదేశీ సైట్లలో ఆర్డర్ పెడతారు. చిక్కంతా టైమ్ దగ్గరే.

మొదటిది కస్టమ్స్. 2019 డిసెంబర్ నుంచి ఆన్‌లైన్‌లో కొని పోస్టు, కొరియర్‌లో ‘గిఫ్ట్’ అని పంపినా సుంకం తప్పదు. మినహాయింపు రాఖీలకు, ప్రాణాలు కాపాడే మందులకే. కాగితాలు సరిగా లేకపోతే పార్శిల్ అక్కడే ఆగిపోతుంది.

రెండోది పాకిస్తానీ లాన్ సూట్లు. 2025 మే 2 నుంచి పాకిస్తాన్ సరుకు నేరుగానే కాదు, దుబాయ్ లాంటి చోట్ల మీదుగా తెప్పించుకోవడం కూడా నిషేధం. వీటిని ఎంత ముందు ఆర్డర్ చేసినా లాభం లేదు, డబ్బే ఇరుక్కుంటుంది.

మూడోది దర్జీ. రంజాన్ సగం దాటాక కొత్త కుట్టు ఒప్పుకునేవాళ్లు తక్కువ. కాబట్టి బట్ట మొదటి రోజాల్లోనే ఇంట్లో ఉండాలి. దారిలో పట్టే రోజులు, కస్టమ్స్‌కు ఒక వారం కలుపుకుంటే షాబాన్ మొదలయ్యేలోపే ఆర్డర్ పెట్టడం మంచిది.

పోయినేడు ఫలానా తేదీకి పెట్టాం కదా అనుకోవద్దు. ఈద్ ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. సౌదీ తేదీ చూసి కూడా లెక్క వేయొద్దు. 2025లో అక్కడ మార్చి 30న, ఇక్కడ 31న పండుగ అయింది.

షాబాన్ సగం దాటిందా? ఇక విదేశీ ఆర్డర్ మాట మరిచిపోవాలి. జనరల్ బజార్ పక్కనే ఉంది. బట్ట చేత్తో పట్టి చూసుకోవచ్చు, ఆ సాయంత్రమే దర్జీకి ఇవ్వొచ్చు.