కారే నీరు ఎవరి వాడకు చేరుతుంది?

కొళాయి నుంచి సెకనుకు ఒక చుక్క చొప్పున నీరు కారుతోందనుకుందాం. ఇరవై చుక్కలను ఒక మిల్లీలీటరుగా లెక్కవేస్తే రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు నీరు పోతుంది. గ్రామీణ పౌరుడికి రోజుకు 55 లీటర్లు అందించాలన్నది జల్ జీవన్ మిషన్ లక్ష్యం. అలాంటి పదమూడు కొళాయిలు కారితే ఒక మనిషి రోజువారీ వాటా మట్టిపాలైనట్టే. ఈ లెక్కను పొదుపు పాఠంగా బడిపిల్లలకు చెబుతూనే ఉన్నాం. లీకేజీకి మరో లెక్క కూడా ఉంది. కారినది ఎవరి గుమ్మం ముందు నిలుస్తోంది? అది ఎవరి బిందెలో కలుస్తోంది? దాన్ని ఆపడానికి ఎవరిని గోతిలోకి దించుతున్నాం? ఈ ప్రశ్నలకు జవాబు వెతికితే ఎదురయ్యేది కులం.

కుల వ్యవస్థకు ద్రవాలంటే మొదటినుంచీ భయమే. నీటితో వండిన అన్నానికి అంటు ఎక్కువ, నేతిలో వేయించిన పిండివంటకు తక్కువ. చెమట, ఉమ్మి, బహిష్టు రక్తం, పురిటి మైల, వీటిలో ప్రతిదానికీ ఒక దూరం, ఒక గడువు, ఒక స్నానం. పేష్వాల పాలనలో పూనా అస్పృశ్యులు తమ ఉమ్మి నేలపై పడకుండా మెడలో ముంత కట్టుకోవలసి వచ్చిందని అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’లో గుర్తుచేశారు. బడిలో ప్యూను ఎత్తునుంచి పోస్తే తప్ప తన దాహం తీరేది కాదని స్వీయ జ్ఞాపకాల్లో రాసుకున్నారు. మన హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతీ ఆ కోవలోదే. ఈ నియమాలన్నింటి వెనుక ఉన్న ఊహ ఒక్కటే: అపవిత్రత కింది నుంచి పైకి పాకుతుంది, తడి దాన్ని మోసుకొస్తుంది.

చరిత్రలో జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. 1927 మార్చి 20న మహద్‌లో అంబేడ్కర్ నాయకత్వాన దళితులు చవదార్ చెరువు నీళ్లు తాగినందుకు, ఆ చెరువును పంచగవ్యంతో ‘శుద్ధి’ చేశారు. మనిషి దోసిలి మైల అయింది, పేడ పవిత్రమైంది. 1985 జూలైలో నాటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే చెరువులోకి మురికి నీళ్లు జారడంపై చెప్పిన అభ్యంతరంతో వివాదం మొదలైంది. మర్నాటి దాడిలో ఆరుగురు మాదిగలు హత్యకు గురయ్యారు. ఆనాటి దళిత ఉద్యమానికి కారంచేడు మలుపు అని మనం సరిగానే చెప్పుకుంటాం. ఆ మలుపు మంచినీటి గట్టున మొదలైందన్న సంగతిని మాత్రం అంతగా తలచుకోం. పై నుంచి కిందికి జారుతున్న మురికిని ఆపమని అడగడమే అక్కడ నేరమైంది.

పైపులు వచ్చాక ఈ చరిత్ర ముగిసిందని చాలామంది నమ్మకం. గొట్టంలోని నీటికి కులం లేదు, నిజమే. కానీ గొట్టం వేసే చోటుకు ఉంది. తాగునీటి గొట్టం మురుగు గొట్టానికి దూరంగా, దానికంటే ఎత్తులో ఉండాలన్నది ఇంజినీరింగ్ తొలి పాఠం. నేను క్షేత్ర పర్యటనలకు వెళ్లిన చాలా ఊళ్లలో ప్రధాన వీధిలో ఈ పాఠం అమలవుతుంది. వాడకు వచ్చేసరికి సన్నని ప్లాస్టిక్ గొట్టం మురుగుకాల్వలోనే పడుకుని ఉంటుంది. అతుకుల దగ్గర సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది.

నీళ్లు రోజంతా వస్తే ఈ అతుకుల నుంచి నీరు బయటకు పోతుందే తప్ప మురుగు లోపలికి రాదు. మన దగ్గర నీళ్లు గంటో రెండు గంటలో వదులుతారు. సరఫరా ఆగగానే గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. అంతవరకు మంచినీటిని బయటకు వదిలిన చిల్లే అప్పుడు చుట్టూ ఉన్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. వంద మిల్లీలీటర్ల తాగునీటిలో ఒక్క ఈ-కోలి క్రిమి కూడా కనబడకూడదని భారతీయ ప్రమాణం. ఆ ప్రమాణం మొదట విఫలమయ్యేది పల్లంలో, లైను చివర ఉన్న ఇళ్లలో. 2009 మేలో హైదరాబాద్ భోలక్‌పూర్‌లోనూ, 2018 మార్చిలో గుంటూరులోనూ తాగునీరు కలుషితమై పలువురు ప్రాణాలు కోల్పోయారు. భోలక్‌పూర్ తోలు గోదాముల మధ్య బతికే శ్రామికుల బస్తీ. అక్కడి మృతులలో అధికులు పేద ముస్లింలైతే ఇది కులం ప్రశ్న ఎలా అవుతుందని అడగవచ్చు. తోలు పనిని ‘మైల పని’గా ముద్రవేసి, ఆ పని చేసే బస్తీని ఊరి చూపునుంచి తప్పించిన విలువలు ఎక్కడివో ఆలోచిస్తే జవాబు దొరుకుతుంది.

నీరు పల్లమెరుగును, అందులో కులమేముందని మరికొందరు అంటారు. భూమ్యాకర్షణకు కులం లేదు, ఒప్పుకుందాం. పల్లం ఎవరికి ఇచ్చామన్నదే ప్రశ్న. ఇళ్ల స్థలాల పట్టాలు ఇవ్వవలసి వచ్చినప్పుడు ఊరి మెరక ఎవరి కింద ఉంది, చెరువు కింది చవిటి నేల, డంపింగ్ యార్డు పక్క స్థలం ఎవరి పాలయ్యాయి? ఊరి సెప్టిక్ ట్యాంకుల నుంచి పొంగిన నీరు రోడ్డు పక్క కాల్వ పట్టుకుని వాడ దాకా నడిచి వస్తోందంటే, ఆ దారిని వేసింది ప్రకృతి కాదు, గ్రామ పటం.

ఇక ఆ మురుగును ఆపేదెవరు? రక్షణ పరికరాలు లేకుండా మురుగు గొట్టాల్లోకి మనిషిని దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మరణిస్తే పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని ముప్పై లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది, దిగడం మాత్రం ఆగలేదు. కేంద్ర ప్రభుత్వ ‘నమస్తే’ పథకం కింద 2024 నాటికి వివరాలు సేకరించిన సుమారు 38 వేల మంది మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికులలో దాదాపు 69 శాతం ఎస్సీలు. ఎస్టీ, ఓబీసీలను కలిపితే 92 శాతం. యంత్రాలు లేకనా? ఇరుకు సందుల్లోకి వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లోనే ప్రవేశపెట్టింది. యంత్రం వచ్చేదాకా ఆగే ఓపిక లేనప్పుడు, మనిషి చవకగా దొరుకుతున్నప్పుడు, కులమే యంత్రమవుతుంది.

పాలకులకు ‘లీకేజీ’ అన్న మాట కొత్తది కాదు. రేషన్‌లో, పింఛనులో లీకేజీలు అరికట్టామని ఏటా చెబుతారు. బియ్యం కోసం వచ్చిన కూలీ వేలిముద్ర అరిగిపోతే యంత్రం ఆమెను గుర్తించదు. పేదల పళ్లెంలోకి పోయే గింజకు ఇంత నిఘా ఉంటే, నగరాల్లో లెక్కకు రాని నీటికి ఎంత నిఘా ఉంది? ఆ నష్టం 20 శాతం మించరాదని కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2008లోనే ప్రమాణం పెట్టింది. ఏ వార్డులో ఎంత కారుతోందో ప్రజలకు చెప్పే బోర్డు మాత్రం మన ఊళ్లలో కనబడదు.

కాబట్టి అడగవలసినవి పెద్ద మాటలు కావు. ప్రతి ఎస్సీ, ఎస్టీ కాలనీలో తాగునీటి గొట్టం మురుగుకు ఎంత దూరంలో ఉందో కొలిచి గ్రామసభ ముందు పెట్టాలి. లీకేజీ ఫిర్యాదు వచ్చిన తేదీ, మరమ్మతు జరిగిన తేదీ వీధులవారీగా ప్రకటించాలి. లైను చివరి ఇంటి నీటినే మొదట పరీక్షించాలి. మురుగులోకి మనిషిని దించిన కాంట్రాక్టరుతోపాటు పని అప్పగించిన అధికారి మీదా కేసు నమోదు కావాలి. ఇంజినీరింగ్, సామాజిక శాస్త్రాల విద్యార్థులు కలిసి తమ మండలంలో ఈ కొలతలు తీయవచ్చు. అందుకు కావలసింది ఒక టేపు, ఒక నోటు పుస్తకం, సమాచార హక్కు దరఖాస్తు.

అంటరానితనం అంటే ఇప్పుడు గ్లాసు వేరుగా పెట్టడం మాత్రమే కాదు. ఊరి వీధిలో గొట్టం పగిలితే సాయంత్రానికి మనుషులు వచ్చి, వాడలో పగిలితే జ్వరాలు వచ్చేదాకా ఎవరూ రాకపోవడం కూడా అంటరానితనమే. ఆ రెండు రాకల మధ్య ఎన్ని రోజులు పట్టిందో లెక్క రాయడంతో పోరాటం మొదలుపెట్టవచ్చు.