పుచ్చిన పడవకు రేకు వైద్యము

మల్దకల్లు రైతులకు పడవ గొడవ యేల యని మన సభ్యులలో కొందరు నవ్వవచ్చును. తిమ్మప్ప కొలువున్న యీ మెట్టనేలలో బండికిని ట్రాక్టరునకును పని గలదు గాని తెడ్డునకు లేదు. అయినను మన నడిగడ్డకు ఒక ప్రక్క కృష్ణ, మరియొక ప్రక్క తుంగభద్ర. కృష్ణపాయల నడుమ నున్న గుర్రంగడ్డ రైతులు తరతరములుగా విత్తనములు, ఎరువులు, ధాన్యము, బడిపిల్లలు, రోగులు, సర్వమును పుట్టిలోనో పడవలోనో దాటించినవారే. జూరాల గేట్లు ఎత్తిన దినములలో ఏటి నడుమ నున్నవానికి పడవ యడుగే భూమి. ఆ యడుగు చివికినచో ఏమి చేయవలెనో నేను చెప్పదలచితిని. ముందుగా నా తప్పు నొప్పుకొనెదను.

కొన్ని యేండ్ల క్రిందట కృష్ణ యొడ్డున నొక గ్రామమున కొందరు రైతులు ఉమ్మడిగా నుంచుకొన్న పాతపడవ యడుగు మెత్తబడినది. క్రొత్తది కొనుటకు ధనము లేదు. నన్ను సలహా యడిగిరి. లోపల జింకురేకు పరచి, అంచులకు తారు పూసి, పైన పలుచగా సిమెంటు పోయుడని చెప్పినవాడను నేనే. ఖర్చు స్వల్పము, పని రెండు దినములు, అందరును సంతోషించిరి. మరుసటి వానకాలమున ఎరువు బస్తాలతో వచ్చుచుండగా, ఒడ్డు ఇంక పది బారల దూరమున నున్నదనగా, రేకు క్రిందనుండి నీరు ఉబికినది. మనుష్యులు ఈది బయటపడిరి. యూరియా మాత్రము కృష్ణార్పణము. ఆ సాయంకాలము ఒక ముసలిరైతు నన్నేమియు ననలేదు, అనియుండిన బాగుండెడిది.

రేకు నూడదీసి చూడగా పలక తడిసిన రొట్టెవలె చేతి కూడివచ్చెను. కారణము సులభము. కొయ్యను చివికించునది నీరు కాదు, తడిలో పెరుగు శిలీంధ్రము. దానికి తడియు గాలియు రెండును కావలెను. ఎల్లప్పుడు నీట మునిగియున్న కొయ్య చిరకాలము నిలుచును. కంచెగుంజను పెరికి చూడుడు: నేలమట్టమున ముందు పోవును గదా! పడవకును అంతే. ఏటి నీటికంటె లోపల నిలిచిన వాననీరే దాని శత్రువు. నేను పరపించిన రేకు ఆ తడిని దాచి కాపాడినది; రోగికి దుప్పటి కప్పి రోగమును పెంచితిని.

కావున మొదటి పని కత్తిమొనతో పలక నంతట పొడిచి చూచుట. మంచి కొయ్య ఈనెలుగా లేచును. చివికినది ఈనె లేక పొడిగా తునుగును. మెత్తన కనబడినచోటనే ఆగక, ఒక అడుగు అవతల గట్టికొయ్య తగులువరకు కోసివేయవలెను. ఇక్కడ లోభము పనికిరాదు. క్రొత్తపలక టేకే కానక్కరలేదు. నల్లమద్ది చాలును, చేవ గలిగి యుండవలెను. చేవలేని పైకొయ్య యెంత చవుకగా వచ్చినను వలదు. అడ్డకొయ్యలు చివికినచో అన్నియు నొక్కసారి ఊడదీయరాదు. పడవ యాకారమే చెడును. ఒక్కొక్కదాని ప్రక్కన, ఇరుదెసల గట్టికొయ్య నందుకొనునట్లు, వంకరగా పెరిగిన నల్లతుమ్మ కొమ్మను చెక్కి జోడించిన ఖర్చు తగ్గును. మైలుతుత్తపు నీరు పూయుమని కొందరందురు. అది శిలీంధ్రమును చంపును గాని ఇనుపమేకులను తినివేయును. బోర్డో మిశ్రమమును ఇనుపపాత్రలో కలుపవలదని నేను చెప్పుచుండుట యిందులకే.

సందులలో కూరుటకు బజారుకు పోనక్కరలేదు. మన సీమలో పత్తికి కొదవయా? పత్తిని పేని, సన్నని ఉలితో కూరి, పైన గుగ్గిలము కలిపిన వేడితారు పోయవలెను. బలము చూపి బిగించువారున్నారు. కొయ్య నానినప్పుడు ఉబ్బును గనుక అది పలకలనే త్రోసివేయును. పిమ్మట రెండుమూడు దినములు ఒడ్డున నీట నాననిచ్చి, తోడిపోసి, అప్పుడే బరువు వేయవలెను. కాలు మోపు పైపలకలను మేకులతో బిగింపక ఊడదీయుటకు వీలుగ నుంచుడు. వాటి క్రింద గాలి ఆడవలెను, నీరు ఒకచోటికి పారి చేరవలెను.

ఇక సంఘముల సంగతి. క్రొత్త మోటారునకు అప్పు కావలెనన్న మన పెద్దలు ఉత్సాహముగా చేవ్రాలు చేయుదురు. పాతవస్తువు మరమ్మతు అనగానే దస్త్రము మూలబడును. మరమ్మతులో ఫోటో తీయించుకొనుట కేమియు లేదు గదా! పదిమంది దాటు పడవకు వేసవిలో రెండు పలకలు, నాలుగు సేర్ల తారు ఇప్పించుట పంటఋణముతో సమానమైన పని యని నా యభిప్రాయము. 2007 జనవరిలో శ్రీశైలము జలాశయమున మంచాలకట్ట యొద్ద పడవ మునిగి పలువురు మరణించిరి. ఆ కారణముల నిక్కడ విచారింపను గాని, ఏరు దాటువాని ప్రాణము ఎంత పలుచని చెక్కపై నుండునో ఆ వార్త విన్ననాడు మనమందరము తలచితిమి. తరువాత మరచితిమి.

ఫాల్గుణమున నీరు తగ్గగానే పడవను ఇసుకమీదికి లాగి, లోపల నెండనిచ్చి, నాకు కబురంపుడు. చాకు తెచ్చుకొని నేనే యడుగులోనికి దిగి చూచెదను. ఈసారి రేకు తేను.